నోట్లో మచ్చ, జన్యువుల్లో మార్పు: ముక్క పరీక్షకు ఎందుకు వెనకాడకూడదు

(తిరుపతిలో ఆశా కార్యకర్తలు, వాళ్ల కుటుంబాల ముందు ఒక పాథాలజిస్టు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ఇంత ఎండలో వచ్చారు. పాకాల నుంచి, ఏర్పేడు నుంచి బస్సెక్కి వచ్చినవాళ్లు కూడా ఉన్నారని ఇందాకే చెప్పారు. మొదలుపెట్టే ముందు చిన్న పని. చూపుడు వేలు, మధ్య వేలు, ఉంగరం వేలు మూడూ దగ్గరగా పెట్టుకోండి. నోరు బాగా తెరిచి, ఆ మూడింటినీ పై పళ్లకీ కింది పళ్లకీ మధ్య నిలువుగా పెట్టండి. పట్టినవాళ్లు సరే. రెండు వేళ్లే పట్టినవాళ్లు చెయ్యెత్తక్కర్లేదు, పక్కవాళ్లకి చెప్పక్కర్లేదు. నా మాటలయ్యాక వరండాలోకి రండి. ఎందుకో మధ్యలో చెప్తాను.

నేను పాథాలజిస్టుని. మీ ఊళ్లో డాక్టరులాగా నాడి పట్టి చూసే డాక్టర్ని కాదు. మీ నోట్లోంచి తీసిన ముక్క నా టేబుల్ మీదికి వస్తుంది. దాన్ని మైనంలో బిగించి, మిల్లీమీటరులో వెయ్యో వంతులు ఓ నాలుగు ఉండేంత పలచగా పొరలు కోసి, గాజు పలక మీద పరిచి, రంగు పట్టించి మైక్రోస్కోపులో చూస్తాం. ఇన్నేళ్లలో కొన్ని వేల పలకలు చూశాను. ఒక్క పలకని మాత్రం మర్చిపోలేదు. అది మా పెద్దమ్మది.

పెద్దమ్మది పూతలపట్టు దగ్గర పల్లె. మామిడి తోటల్లో కాయ కోతకి, చెనక్కాయ పీకడానికి కూలికి పోయేది. నడుముకి వక్కాకు సంచి ఉండేది. ఆకు, వక్క, సున్నం, చివర్లో పొగాకు కాడ తుంచి కుడి చెంపలో పెట్టుకునేది. అది నోట్లో ఉంటే ఆకలి తెలియదు అనేది. నేను పీజీ చదువుతున్న రోజుల్లో ఒక పండక్కి ఇంటికి పోతే, "అమ్మణ్ణీ, చెంప లోపల గరుకుగా తగులుతా ఉంది, చూడు" అంది. టార్చి వేసి చూశాను. కుడి చెంపలో, కాడ పెట్టుకునే చోటే, తెల్లటి మచ్చ. పావలా బిళ్లంత ఉంటుంది. గుడ్డతో తుడిస్తే పోలేదు. పైన అక్కడక్కడా ఎర్రగా కూడా ఉంది.

ముక్క తీయిద్దాం పెద్దమ్మా అన్నాను. "కత్తి పెడితే పాకుతుంది. వద్దు తల్లీ" అంది. పక్కింటి ఆవిడ ఎవరికో అలాగే అయిందట. ముక్క తీశాక ఆర్నెల్లకి పోయిందట. దగ్గర్లో ఒక డాక్టరుకి చూపిస్తే పన్ను గీరుకుందేమో అని బి కాంప్లెక్స్ మాత్రలు, పూసుకోవడానికి జెల్లు రాసిచ్చారు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. నేనూ గట్టిగా పట్టుబట్టలేదు. పద్నాలుగు నెలల తర్వాత చెంప వాచి, నోరు తెరవలేని స్థితిలో తిరుపతి తీసుకొచ్చారు. అప్పుడు తీసిన ముక్క పలక అయి నా ముందుకే వచ్చింది.

ఆ పలకని ఎడమ నుంచి కుడికి జరుపుతూ చూశాను. ఎడమ చివర మామూలు పొర. అడుగున కణాలు ఒకే వరుసలో బుద్ధిగా నిలబడి ఉన్నాయి. కొంచెం జరిపితే అడుగు వరుస గుంపయింది, కణాల గుండెకాయలాంటి కేంద్రకాలు పెద్దవయ్యాయి, నల్లబడ్డాయి. ఇంకొంచెం జరిపితే ఆ గందరగోళం పొర సగం దాకా ఎక్కింది. ఆ తర్వాత పై దాకా. కుడి చివరికి వచ్చేసరికి అడుగు గీత తెగిపోయి, కణాలు కింది కండలోకి దిగిపోయాయి. అది క్యాన్సర్. వేలి గోరంత వెడల్పులో ఏళ్ల తరబడి జరిగింది మొత్తం వరుసగా కనపడింది. పద్నాలుగు నెలల కిందట ముక్క తీసి ఉంటే ఆ పలకలో మధ్య భాగం వరకే ఉండేదేమో. ఆ మధ్య భాగం గురించి చెప్పడానికే ఈ రోజు వచ్చాను.

ఆ మధ్య భాగాన్ని డాక్టర్లు డిస్‌ప్లేసియా అంటారు. అంటే కణాల క్రమం తప్పడం. ఇంకా క్యాన్సర్ కాదు, ఆ దారిలో ఉంది. దాన్నే రిపోర్టులో స్వల్పం, మధ్యస్థం, తీవ్రం అని రాస్తాం. పైకి తెల్ల మచ్చగా కనపడితే ల్యూకోప్లేకియా, ఎర్ర మచ్చయితే ఎరిత్రోప్లేకియా. తెల్ల దానికంటే ఎర్రది చాలా ప్రమాదం. 1975లో షేఫర్, వాల్డ్రన్ అనే ఇద్దరు 65 ఎర్ర మచ్చల ముక్కలు పరీక్షించి చెప్పారు: వాటిలో సగానికి అప్పటికే క్యాన్సర్ ఉంది, మిగిలినవాటిలో ఎక్కువ భాగం తీవ్ర దశలో ఉన్నాయి. నొప్పి లేని ఎర్ర మచ్చ కనపడితే ఆ వారంలోనే పంపించండి.

తెల్ల మచ్చ సంగతి వేరు. వందమందిలో ఏడాదికి ఒకరికో ఇద్దరికో క్యాన్సర్‌గా మారుతుంది. మిగతావాళ్లకి ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది, కొందరికి అలవాటు మానేస్తే తగ్గుతుంది కూడా. అందుకే ఎవరికైనా తెల్ల మచ్చ చూసిన వెంటనే "క్యాన్సర్" అనే మాట అనొద్దు. ఆ మాట విన్న మనిషి మళ్లీ మీకు నోరు తెరిచి చూపించడు. అలాగని "ఏం కాదులే" అని కూడా అనొద్దు. ఆ వందమందిలో ఎవరిది మారుతుంది, ఎవరిది మారదు? ఈ ప్రశ్నకే ప్రపంచంలో చాలామంది జన్యువుల్లో జవాబు వెతుకుతున్నారు.

జన్యువు అనగానే మనవాళ్లు ఒక మాట అంటారు: "మా వంశంలో ఎవరికీ లేదు." ఇక్కడ జన్యువు అంటే వంశం కాదమ్మా. పుట్టినప్పుడు మీ జన్యువులు బాగానే ఉన్నాయి. చెంపలో కాడ పెట్టిన చోట, ఆ అంగుళం మేర కణాల్లోనే, అవి తర్వాత చెడ్డాయి. మీ బిడ్డలకి అవి పోవు. మీ తాత ముత్తాతల నుంచి రాలేదు. కాబట్టి వంశంలో లేదన్న ధీమా ఇక్కడ పనిచెయ్యదు.

చెంప లోపలి పొర ఎలా పనిచేస్తుందో చెప్పాలంటే తిరుపతివాళ్లకి కష్టం లేదు. తిరుమల క్యూ కాంప్లెక్స్‌లో నిలబడనివాళ్లు ఈ హాల్లో ఎవరూ ఉండరు. ఒక కంపార్టుమెంటు నిండితే గేటు పడుతుంది, ముందువాళ్లు కదిలితేనే తీస్తారు. నోట్లో పొర కూడా అంతే. అడుగున కొత్త కణం పుడుతుంది, మెల్లగా పైకి జరుగుతుంది, చదునై రాలిపోతుంది. రెండు వారాల్లో పొర దాదాపుగా కొత్తదైపోతుంది. ఎన్ని పుట్టాలో, ఎప్పుడు ఆగాలో చెప్పే గేటు ఒకటుంది. పి16 అనే జన్యువు. జన్యువులు వరుసగా ఉండే పోగుల్ని క్రోమోజోములు అంటాం. పి16 తొమ్మిదో క్రోమోజోము పొట్టి భుజం మీద ఉంటుంది. ఇంకొకటి పి53. దాని పని అలిపిరి టోల్‌గేటు దగ్గర తనిఖీలాంటిది. సంచి దించి, తెరిచి చూసి, కొండ మీదికి పోకూడనిది ఉంటే అక్కడే ఆపేస్తారు కదా. దెబ్బతిన్న కణం వస్తే పి53 కూడా ఆపుతుంది. బాగుచేయగలిగితే బాగు చేయిస్తుంది, లేకపోతే ఆ కణం చచ్చిపోయేలా చేస్తుంది. గేటూ పోయి, తనిఖీ కూడా పోతే ఏం జరుగుతుందో మీరే ఊహించుకోండి.

ఇలాంటి జన్యువులు ఒక్కోటి రెండేసి ఉంటాయి. ఒకటి అమ్మ ఇచ్చింది, ఒకటి నాన్న ఇచ్చింది. ఒకటి పోయినా రెండోది నెట్టుకొస్తుంది. రెండూ పోతేనే పని ఆగుతుంది. చాలాసార్లు జన్యువు ఒక్కటే కాదు, అది ఉన్న క్రోమోజోము ముక్క ముక్కే ఊడిపోతుంది. దాన్ని ల్యాబులో చూడొచ్చు. అదే మనిషి రక్తంలో అమ్మది ఒక గీత, నాన్నది ఒక గీత, తెర మీద రెండు గీతలు పక్కపక్కన నిలబడతాయి. మచ్చలోంచి తీసిన కణాల్లో చూస్తే ఒకే గీత. రెండోది ఉండాల్సిన చోట ఖాళీ. మొదటిసారి అది చూసినప్పుడు నాకు చెయ్యి చల్లబడింది. పైకి మచ్చ చిన్నది, మైక్రోస్కోపులో కూడా కొంచెం గందరగోళమే ఉంది, లోపల మాత్రం క్రోమోజోము ముక్క అప్పటికే పోయింది.

1996లో అమెరికాలో 37 మంది తెల్ల మచ్చలవాళ్ల మీద ఇదే లెక్క చూశారు. తొమ్మిదో క్రోమోజోములో గానీ మూడో క్రోమోజోములో గానీ ముక్క పోయినవాళ్లు 19 మంది, వాళ్లలో ఏడుగురికి తర్వాత క్యాన్సర్ వచ్చింది. ముక్క పోనివాళ్లు 18 మంది, ఒక్కరికే వచ్చింది. చిన్న అధ్యయనమే అయినా కళ్లు తెరిపించింది. 2000లో కెనడాలోని వాంకూవర్ బృందం, మిరియం రోసిన్ నాయకత్వంలో, ఇంకా లోతుగా పోయింది. వాళ్లు తీసుకున్నవి మైక్రోస్కోపులో పెద్దగా భయపెట్టని, స్వల్ప, మధ్యస్థ స్థాయి మచ్చలు. మూడు, తొమ్మిది క్రోమోజోముల్లో మాత్రమే ముక్క పోతే ప్రమాదం సుమారు నాలుగు రెట్లు. వాటికి తోడు నాలుగు, ఎనిమిది, పదకొండు, పదమూడు, పదిహేడు క్రోమోజోముల్లో కూడా పోతే ప్రమాదం 33 రెట్లు. పి53 ఉండేది ఆ పదిహేడులోనే. 2012లో అదే బృందం ఎక్కువమందిని ముందు నుంచీ వెంబడించి చూసింది. ప్రమాదం తక్కువ అనుకున్న గుంపులో ఐదేళ్లలో వందకి ముగ్గురికి మారింది. ఎక్కువ అనుకున్న గుంపులో వందకి అరవై మందికి పైగా.

ఇక్కడ నాకు ముఖ్యమనిపించేది ఏంటంటే, ఒకేలా కనపడే రెండు మచ్చలు నిజానికి ఒకటి కావు. నా కంటికి అవి ఒకటే. ఇద్దరు పాథాలజిస్టులు ఒకే పలక చూసి ఒకరు స్వల్పం, ఒకరు మధ్యస్థం అని రాయడం కూడా ఉంటుంది. అందుకే రిపోర్టులో "స్వల్పం" అని వచ్చిందని ఫైలు మూసేసి ఇంట్లో పెట్టేయొద్దు. ఈ క్రోమోజోము పరీక్ష మన దగ్గర రోజూ చేసే పరీక్ష కాదు. అది లేనప్పుడు మన చేతిలో ఉన్నది క్రమం తప్పకుండా మళ్లీ మళ్లీ చూడడమే.

ఇదే విషయంలో జరిగిన ఒక మోసం కూడా మీకు చెప్పాలి, ఎందుకంటే చాలామంది డాక్టర్లు కూడా నమ్మారు. మచ్చ కణాల్లో డీఎన్‌ఏ మొత్తం ఎంత ఉందో కొలిస్తే చాలు, ఎవరికి క్యాన్సర్ వస్తుందో తేలిపోతుందని నార్వేలో ఒక డాక్టరు పెద్ద పత్రికల్లో రాశాడు. అందరూ పొంగిపోయారు. 2005లో అతనే నోటి క్యాన్సర్ మీద 908 మంది వివరాలతో ఇంకో వ్యాసం రాశాడు. తర్వాత చూస్తే అందులో 250 మంది పుట్టినరోజు ఒకటే. ఆ మనుషులే లేరు, అంతా కల్పన. 2006లో బయటపడింది, తెల్ల మచ్చల మీద రాసినవి కూడా వెనక్కి తీసుకున్నారు. అప్పటికి ఆ మాట నమ్మి ఎంతమంది నోళ్లకి ఏ వైద్యం నిర్ణయించారో. డీఎన్‌ఏ కొలత మీద తర్వాత వేరేవాళ్లు నిజాయితీగా పనిచేశారు, అందులో కొంత పస ఉందని చూపించారు. కానీ ఆ మొదటి దెబ్బ నాకు ఇప్పటికీ కోపం తెప్పిస్తుంది. పలక వెనక మనిషి ఉంటాడు.

సరే, మన దగ్గరికి వద్దాం. ఈ జన్యువులు ఎందుకు చెడతాయి? పొగాకు మాటే అందరూ చెప్తారు, నిజమే. అందులోని నైట్రోసమైన్లు అనే విషాలు ఒంట్లో మార్పు చెంది డీఎన్‌ఏకి అతుక్కుంటాయి. 1991లో ముంబైలో పొగాకు నమిలేవాళ్ల నోటి క్యాన్సర్లు పరీక్షిస్తే హెచ్‌-రాస్ అనే జన్యువు మూడింట ఒక వంతుకు పైగా కేసుల్లో చెడి కనపడింది. పాశ్చాత్య దేశాల నోటి క్యాన్సర్లలో అది అంత ఎక్కువగా కనపడదు. 2013లో మన దేశం తరఫున కల్యాణిలోని జాతీయ జీనోమిక్స్ సంస్థ, నవీ ముంబైలోని టాటా వారి పరిశోధన కేంద్రం కలిసి చెంప, చిగురు క్యాన్సర్ల జన్యువులన్నీ చదివాయి. ప్రపంచంలో ఏ దేశం ఏ క్యాన్సర్ చదవాలో పంచుకున్నప్పుడు మనం చెంపనే తీసుకున్నాం. మన బాధ అక్కడే ఉంది కాబట్టి. 2022లో మన దేశంలో కొత్తగా వచ్చిన నోటి క్యాన్సర్లు సుమారు లక్షా నలభై మూడు వేలు. ప్రపంచం మొత్తంలో మూడో వంతు కంటే ఎక్కువ.

వక్క సంగతి మాత్రం మనవాళ్లు ఒప్పుకోరు. తాంబూలంలో ఇస్తాం, పెళ్లిలో ఇస్తాం, దేవుడి ముందు పెడతాం. నేను కూడా పెడతాను. దేవుడి ముందు పెట్టడం వేరు, రోజుకి పదిసార్లు చెంపలో పెట్టుకోవడం వేరు. 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం వక్క ఒక్కటే, పొగాకు కలవకపోయినా, క్యాన్సర్ కారకం అని ప్రకటించింది. సున్నం తగిలిన వక్కలోంచి విడుదలయ్యే, దేనితోనైనా ఇట్టే కలిసిపోయే ఆక్సిజన్ రకాలు డీఎన్‌ఏ పోగుల్ని తెంచుతాయి. వక్కలో ఉన్న రాగి, అరెకోలిన్ అనే పదార్థం చెంప లోపలి నారని గట్టిపరుస్తాయి. మెత్తగా సాగాల్సిన చెంప తాడులా బిగుసుకుంటుంది. అదే సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్. ముందు కారం తగిలితే మంట. సంగటిలో చెనక్కాయల ఊరిబిండి నంజుకోలేని కుర్రాళ్లు వస్తుంటారు. తర్వాత నోరు తెరుచుకోదు. ఇందాక మూడు వేళ్లు ఎందుకు పెట్టమన్నానో ఇప్పుడు అర్థమైందా? కేరళలో ఎర్నాకుళం జిల్లాలో ఇలాంటివాళ్లని పదిహేడేళ్లు వెంబడిస్తే వందకి ఏడెనిమిది మందికి క్యాన్సర్ వచ్చింది. ఆకు తగ్గి ప్యాకెట్ పెరిగాక ఇరవై ఏళ్ల కుర్రాళ్లకే బిగుసుకుంటోంది. గుట్కా ఆపితే పాన్ మసాలా ఒక ప్యాకెట్, పొగాకు ఒక ప్యాకెట్ పక్కపక్కన వేలాడదీసి అమ్ముతున్నారు. రెండూ కలిపి వేసుకుంటే మళ్లీ గుట్కాయే కదా.

ఇంకో మాట మా పెద్దమ్మ విషయంలో నాకే ఆలస్యంగా అర్థమైంది. మచ్చ కోసేస్తే అయిపోయిందనుకుంటాం. చెనక్కాయ చేలో ఒక మూల ఆకు మచ్చలు పడితే ఆ నాలుగు మొక్కలు పీకేసి ఇంటికొస్తామా? చేనంతా తిరిగి చూస్తాం. 1953లో స్లాటర్ అనే సర్జన్, ఆయన సహచరులు నోటి క్యాన్సర్ చుట్టూ మామూలుగా కనపడే పొరలో కూడా మార్పులు ఉంటాయని గుర్తించారు. ఆ తర్వాత జన్యు పరీక్షలు వచ్చాక, పక్కన ఏ మచ్చా లేని చోట కూడా అవే క్రోమోజోము ముక్కలు పోయి ఉండడం చూశారు. వక్కరసం ఒక చోటే ఉండదు కదా, నోరంతా తిరుగుతుంది. అందుకే మచ్చ తీయించుకున్నవాళ్లు కూడా మూడు నెలలకో ఆరు నెలలకో చూపించుకుంటూనే ఉండాలి. మందులతో ఆపడానికి ప్రయత్నాలు జరిగాయి. క్రోమోజోము ముక్క పోయినవాళ్లకే ఎర్లోటినిబ్ అనే మందు ఇచ్చి చూశారు. 2016లో ఫలితం వచ్చింది. క్యాన్సర్ రాకుండా అది ఆపలేకపోయింది. కాబట్టి మాత్ర వేసుకుంటే చాలని ఎవరైనా అంటే నమ్మొద్దు.

ఇప్పుడు "కత్తి పెడితే పాకుతుంది" దగ్గరికి వస్తాను. ఈ మాట మీరు రోజూ వింటారు. అది అబద్ధం అని ఒక్క మాటలో కొట్టేస్తే మనిషి వినడు. అందుకని ఇలా చెప్పండి. ముక్క తీసినప్పటికి మచ్చలో ఏముందో అది అప్పటికే ఉంది. పెసరగింజంత ముక్క తీస్తారు, మత్తు సూది వేసి, కుట్టు వేసి పంపిస్తారు. వారం, రెండు వారాల్లో మానుతుంది. పాకే గుణం జన్యువులు చెడడం వల్ల వస్తుంది, కత్తి వల్ల కాదు. ముక్క తీశాక ఆర్నెల్లకి పోయినవాళ్ల గురించి అడుగుతారు. వాళ్లు ముక్క తీయించుకోవడానికి ఎప్పుడు వచ్చారో అడగండి. దాదాపు అందరూ నొప్పి మొదలయ్యాక, చెంప వాచాక వచ్చినవాళ్లే. మా పెద్దమ్మ గురించి కూడా ఊళ్లో ఇప్పటికీ అదే అంటారు: "తిరుపతిలో ముక్క తీశారు, పోయింది" అని. పద్నాలుగు నెలల ముందు తీయలేదన్న మాట ఎవరూ అనరు.

మన రాష్ట్రంలో ఈ పని కొత్తది కాదు. 1960లలోనే ముంబై నుంచి ఫాలీ మెహతా, డెన్మార్క్ నుంచి యెన్స్ పిండ్‌బోర్గ్ బృందంగా ఇంటింటికీ తిరిగి యాభై వేల మందికి పైగా నోళ్లు చూశారు. వాళ్లు ఎంచుకున్న ఐదు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. అక్కడి ఆడవాళ్లు చుట్ట నిప్పు లోపల పెట్టుకుని కాల్చే అడ్డపొగ వల్ల అంగిలి మీద వచ్చే మచ్చలు లోకానికి తెలిసింది అలాంటి పనివల్లే. కేరళలో తిరువనంతపురం దగ్గర ఆరోగ్య కార్యకర్తలకి నోరు చూడడం నేర్పించి ఇంటింటికీ పంపారు. టార్చి వెలుగులో కంటితో చూడడమే, ఇంకేం లేదు. 2005లో లెక్క తేలింది: పొగాకో మద్యమో అలవాటున్నవాళ్లలో నోటి క్యాన్సర్ చావులు మూడో వంతు తగ్గాయి. చూసింది పెద్ద డాక్టర్లు కాదు. మీలాంటివాళ్లే.

ఇంటింటికీ తిరిగి జబ్బుల ప్రమాదం అడిగి మీరు నింపే సీబ్యాక్ ఫారంలో నోరు తెరవడం కష్టమా, నోట్లో మచ్చ ఉందా అనే ప్రశ్నలు ఉన్నాయి కదా. తలుపు దగ్గర నిలబడి అడిగి "లేదు" అని టిక్ పెట్టొద్దు. కూర్చోబెట్టి చూడండి. రెండు చెంపలూ వేలితో పక్కకి లాగి చూడండి. నాలుక బయటికి పెట్టించి రెండు అంచులూ చూడండి. నాలుక పైకి ఎత్తించి కింద చూడండి, అక్కడి మచ్చలే ఎక్కువ మోసం చేస్తాయి. తుడిస్తే పోయేది వేరు, పోనిది వేరు. రెండు వారాల్లో మానని పుండు, పోని మచ్చ ఏదైనా సరే, పేరు రాసుకుని పంపండి. ఇక్కడ రుయా ఆస్పత్రి ఉంది, స్విమ్స్ ఆస్పత్రి ఉంది, అలిపిరి దగ్గర 2022లో మొదలైన క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. దూరం అనే మాట ఇప్పుడు చెల్లదు.

వెనక నుంచి ఒక చెల్లి అడుగుతోంది: "మానేస్తే చెడిన జన్యువులు బాగవుతాయా మేడం?" మంచి ప్రశ్న. ఊడిపోయిన క్రోమోజోము ముక్క తిరిగి అతుక్కోదమ్మా. కానీ కొత్త దెబ్బలు తగలడం ఆగుతుంది. ఒక మచ్చకి క్యాన్సర్ కావడానికి చాలా దెబ్బలు కావాలి, ఏళ్లు పడుతుంది. మధ్యలో దెబ్బలు ఆపితే ఆ ఏళ్లు పెరుగుతాయి. కొంతమందికి తెల్ల మచ్చ పూర్తిగా పోవడం నేనే చూశాను. బిగుసుకున్న చెంప మాత్రం అంత తేలిగ్గా వదలదు, అందుకే కుర్రాళ్లని ముందే పట్టుకోవాలి.

ఇంకా ప్రశ్నలుంటే వరండాలో మాట్లాడదాం. అక్కడ ఇద్దరు డెంటల్ డాక్టర్లు టార్చిలు, అద్దాలు పెట్టుకుని కూర్చున్నారు. ముందు వరుసలో ఉన్న పెద్దాయనా, మీరు మొదట రండి. ఆ నోట్లో ఉన్నది ఉమ్మేసి, నీళ్లతో బాగా పుక్కిలించి రండి.